పదిహేను సైజు చక్రాలు

ఆఫీసు వరండాలో చెవిన పడ్డ ఒక మాట వల్ల నేను మా కారుకి చక్రాలు మార్పించాను. అడిగినవాళ్లకి రోడ్లు బాగోలేవని చెప్పాను, పాత టైర్లు అరిగిపోయాయని చెప్పాను. రెండూ అబద్ధాలు కావు. కానీ అసలు కారణం అవి కాదు.

మేముండేది రాజాంలో, నా ఉద్యోగం శ్రీకాకుళంలో. రోజూ పొద్దున్న చిలకపాలెం మీదుగా వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తాను. కారు పాతది, చిన్నది. రంగు వెలిసిపోయి, పైకప్పు మీద అక్కడక్కడా పొక్కులు లేచాయి. అయినా ఒక్కనాడూ నన్ను దారిలో నిలబెట్టలేదు. నేనే చిన్నవాణ్ణి కాదు. బళ్లో చదువుకునే రోజుల నుంచీ లావే. పెళ్లయ్యాక ఇంకొంచెం పెరిగాను, కుర్చీలో కూర్చునే ఉద్యోగం వచ్చాక మరీ పెరిగాను. ఎంత బరువో ఇక్కడ రాద్దామని రెండుసార్లు అనుకుని మానేశాను. బట్టల కొట్లో సైజు అడిగితే మా ఆవిడే చెబుతుంది. ఆ సమయంలో నేను గోడకున్న అద్దాల బీరువాలో తువ్వాళ్లు చూస్తూ ఉంటాను.

ఆ రోజు మధ్యాహ్నం కళ్లజోడు కారులో మరిచిపోయి, తెచ్చుకుందామని బయటికి వచ్చాను. వరండా స్తంభానికి అటు పక్క మా సెక్షన్‌లో పనిచేసే ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడలేదు.

"ఆ బండి సూడు, ఆ పక్కకి ఎలగ ఒరిగిపోనాదో. ఆయన దిగీసినా లెగట్నేదు," అన్నాడొకడు.

"ఆ టైర్లు సూడు. సైకిల్ టైర్లలాగున్నాయి. ఎలగ మోస్తన్నాయో, పాపం," అన్నాడు రెండోవాడు.

పెద్దగా నవ్వలేదు కూడా. ఇద్దరూ మంచివాళ్లే. రోజూ నాతో కలిసి క్యారేజీ విప్పుకుని తినేవాళ్లే. పగబట్టి అన్న మాటయితే నాకూ కోపం వచ్చి ఉండేది. వాళ్లు నిజంగానే జాలిపడ్డారు, అదీ కారు మీద. కళ్లజోడు తెచ్చుకోకుండానే వెనక్కి వెళ్లిపోయి సాయంత్రం దాకా కాగితాలు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివాను. మర్నాటి నుంచి కారు ముందు పెట్టడం మానేసి ఆఫీసు వెనక ప్రహరీ దగ్గర పెట్టాను. చిలకపాలెం దాకా నాతో వచ్చేవాళ్లకి ఏదో పనుందని చెప్పి తప్పించుకున్నాను.

రాత్రిపూట ఫోన్లో చక్రాలు చూడటం అప్పుడు మొదలైంది. టైరు పక్కన అచ్చుపోసి ఉండే అంకెలంటే ఏమిటో అంతకు ముందు నాకు తెలియదు. మొదటిది టైరు వెడల్పు. రెండోది టైరు గోడ ఎత్తు, వెడల్పులో నూటికి ఎంతో చెబుతుంది. మూడోది రిమ్ము సైజు, అంగుళాల్లో. వాటి తర్వాత ఇంకో చిన్న అంకె ఉంటుంది. ఆ టైరు ఎంత బరువు మోయగలదో చెప్పేది అదే. నేను మిగతావన్నీ వదిలేసి దాన్నే చూసేవాణ్ణి. టైరు పెద్దదయ్యేకొద్దీ ఆ అంకె పెరిగేది. చూస్తుంటే ఏదో ధైర్యంగా ఉండేది. మా ఆవిడ గదిలోకి వస్తే ఫోను బోర్లా పెట్టేసేవాణ్ణి.

మా బావమరిదికి, అంటే మా ఆవిడ తమ్ముడికి, సాలూరులో టైర్ల కొట్టుంది. లారీల ఊరు కాబట్టి లారీ టైర్లే ఎక్కువ. తెలిసినవాళ్లు అడిగితే కార్లకీ తెప్పించి వేస్తాడు. ఒక ఆదివారం మా ఆవిడకి చెప్పకుండా అతని దగ్గరికి వెళ్లాను.

"నీ బండికి కంపెనీ ఇచ్చింది పదమూడు సైజు, బావా," అన్నాడతను. "మార్సాలనుంటే పద్నాలుగుకెల్లు. నూటడెబ్బయ్యయిదు, అరవయ్యయిదు ఎయ్యి. రిమ్ము అంగుళం పెరుగుతాది, టైరు గోడ ఆ మేరకి తగ్గుతాది. మొత్తం సక్రం ఎత్తు పాతదంతే ఉంటాది. మీటరు తేడా సూపించదు, ఇంజినుకి బరువవదు."

"పదిహేను పట్టదా?"

"పట్టకేటి? పడతాది. కానీ గోడ బాగా తగ్గించాల. అప్పుడు గుంతలో పడితే రిమ్ము వంకరపోతాది. మన రోడ్లకి వద్దు."

"గోడ తగ్గించకుండా వేస్తే?"

"సక్రం పెద్దదయిపోతాది బావా. బాడీకి తగుల్తాది." అతను నన్ను కాసేపు చూశాడు. "నిజం సెప్పు, నీకేటి గావాల?"

"బండి కాస్త నిండుగా కనబడాలి."

ఆ మాట అనేశాక చెవులు వేడెక్కాయి. అతను "సరే, నీ ఇష్టం," అని మెత్తగా అన్నాడు. పదిహేను సైజు అలాయ్ రిమ్ములు, వాటికి గోడ ఎత్తుగా ఉన్న నూటయెనభయ్యయిదు టైర్లు నేనే ఎంచుకున్నాను. బిగించాక చక్రాలు బాడీ దాటి వేలెడు బయటికొచ్చాయి. కారు మారిపోయింది. నాలుగు అడుగులు వెనక్కి వేసి చూశాను. ఈ కారులోంచి నేను దిగితే ఎవరికీ నవ్వు రాదనిపించింది. ఫోటో తీసుకున్నాను.

స్టీరింగు బరువెక్కింది. గేరు మార్చాక బండి అందుకోవడానికి ఆలస్యమయ్యేది. చక్రం పెద్దదయింది కాబట్టి మీటరు చూపించేదాని కంటే బండి ఎక్కువ వేగంగా పోయేది. అన్నీ ఓర్చుకున్నాను. కారు మళ్లీ ఆఫీసు ముందుకి వచ్చింది. వరండాలో మాట్లాడుకున్న ఇద్దరిలో ఒకతను చుట్టూ తిరిగి చూసి, "అదిరిపోయింది సార్, కొత్త బండిలాగున్నాది," అన్నాడు. నేను మురిసిపోయాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, మురిసిపోయినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

సరిగ్గా అప్పుడే చప్పుడు మొదలైంది.

స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు, రోడ్డు ఎడమకి తిరిగే చోట గుంత తగిలితే, కుడిపక్క ముందు చక్రం దగ్గర గర్రుమని గీసుకునేది. ఆగి చూస్తే చక్రం మీది రేకు అంచున నల్లగా టైరు రాసుకున్న మరక. బావమరిదికి ఫోన్ చేశాను. అతను పనిమీద రాజాం వచ్చినప్పుడు మా ఇంటికొచ్చి, కారు తనే తీసుకుని ఊరు చుట్టి వచ్చాడు.

"నాకు రాలేదు బావా," అన్నాడు దిగుతూ. నా వైపు చూడలేదు. "స్ప్రింగులు పాతబడ్డాయి. తీరిగ్గా ఒకపాలి సాలూరు తే, సూద్దాం."

సరిగ్గా నడిపి చూడలేదని అతన్ని మనసులో తిట్టుకున్నాను. తర్వాత నా ఉపాయం నేను పన్నాను. బ్రేకర్ దగ్గరికి రాగానే బాగా నెమ్మది చేసి, ఒళ్లంతా ఎడమకి, గేరు వైపుకి వాల్చేవాణ్ణి. ఒక్కోసారి చప్పుడు రాకుండా గట్టెక్కేది. అంటే కారణం నాకు తెలుసన్నమాట. తెలిసిన సంగతిని నాకు నేను చెప్పుకోకుండా, రోజూ రాజాం నుంచి శ్రీకాకుళం దాకా ఎడమకి వాలుతూ, లేస్తూ వెళ్లాను.

ఆ రోజుల్లోనే మా అత్తగారు కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లో కొన్నాళ్లున్నారు. కాస్త తేరుకున్నాక, ఆవిణ్ణి సాలూరులో దిగబెట్టడానికి నేనూ మా ఆవిడా బయలుదేరాం. అత్తగారు నల్లద్దాలు పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. బొబ్బిలి దాకా నేనే నడిపాను. ఆవిడ ఎదురుగా ఎడమకి వాలడం సిగ్గనిపించి మామూలుగానే కూర్చున్నాను. చప్పుడు వచ్చినప్పుడల్లా ఆవిడ, "అదేటి బాబూ, గీరుకుంటన్నాది?" అనడం, నేను "రాయేదో తగిలిందండీ," అనడం. మూడోసారికి రాళ్లు అయిపోయాయి.

బొబ్బిలిలో టీ తాగాం. మా ఆవిడకి కొత్తగా లైసెన్సు వచ్చింది, నడపాలని సరదా. "ఇక్కణ్ణించి నేను తీస్తానండీ," అంది. తను నెమ్మదిగా వెళ్తుంది, చప్పుడు రాదు కదా అని తాళాలు ఇచ్చేశాను. నేను ఎడమ పక్కకి మారాను.

కాసేపు హాయిగా సాగింది. కుడివైపు చక్రం నోరెత్తలేదు. మా ఆవిడ, "చూశారా, నా చేతిలో ఎంత బాగా వెళ్తోందో," అని కూడా అంది. ఒక ఊరు మొదట్లో రోడ్డుకి అడ్డంగా ఎత్తయిన బ్రేకర్ ఉంది. తను చూసుకోలేదు. కారు ఎక్కి దిగింది. గర్ర్‌మని ఎడమపక్క, నా కాళ్ల దగ్గర, గట్టిగా గీసుకుంది.

"అదేటే అమ్మీ," అన్నారు అత్తగారు వెనక నుంచి, "సప్పుడు ఇటొచ్చీసిందేటి?"

"నువ్వు కాసేపు పడుకోవే అమ్మా," అంది మా ఆవిడ.

"కళ్లు కనబడకపోతే సెవులు కూడా పోయాయనుకున్నావేటే? బొబ్బిలి దాకా ఆ పక్కనే ఒచ్చింది. బాబు ఇటొచ్చి కూకున్నారు, అదీ ఇటొచ్చీసి..."

మాట మధ్యలో ఆగింది. చీర సర్దుకున్న చప్పుడు వినబడింది, తర్వాత చిన్నగా దగ్గు. మా ఆవిడ స్టీరింగు మీద రెండు చేతులూ బిగించి రోడ్డునే చూస్తోంది. నేను తలుపు పైనున్న పిడి పట్టుకున్నాను. కాసేపటికి అర్థమైంది, దాన్ని పట్టుకుని నన్ను నేను పైకి లాక్కుంటున్నానని, అలా చేస్తే సీటు మీద బరువు తగ్గుతుందన్నట్టు. చెయ్యి నొప్పెట్టినా వదలలేదు. తర్వాతి బ్రేకర్ దగ్గర మా ఆవిడ కారుని దాదాపు ఆపేసి, పాలగిన్నె దించినంత జాగ్రత్తగా దించింది. ఆ జాగ్రత్త నన్ను ఇంకా చంపేసింది.

సాలూరులో బావమరిది భార్య భోజనాలు సిద్ధం చేసింది. ఆ ఇంట్లో ఒక అలవాటుంది. నేను ఎప్పుడు తిన్నా అత్తగారు పక్కన కూర్చుని, "అల్లుడికి ఇంకో గరిటెయ్యే," అంటూ ఉంటారు. నేను వద్దంటాను, కోడలు వేసేస్తుంది, నేను తినేస్తాను. ఆ రోజు ఆ అమ్మాయి చేపల పులుసు గరిటె పట్టుకుని నా కంచం పక్కన నిలబడి అత్తగారి వైపు చూసింది. అత్తగారు నల్లద్దాలు నేల వైపు తిప్పుకుని, "మజ్జిగ తేయే," అన్నారు మెల్లగా. ఆ అమ్మాయికి ఏం జరిగిందో తెలియదు. గరిటె అలాగే పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నన్ను బాధపెట్టకూడదని ఆవిడ చేసిన పని అది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటి అల్లుణ్ణి, అక్కడ నేను ఆకలితో చెయ్యి కడుక్కోవడం అదే మొదలు.

బావమరిది ఏమీ అడక్కుండా, "బావా, బండి ఓపాలి కొట్టుకాడకి తెద్దాం రా," అన్నాడు. కొట్లో పనివాళ్లున్నారు, ఒక లారీ డ్రైవరూ ఉన్నాడు. "టీ తాగి రండి," అని అందర్నీ పంపించేశాడు. వాళ్లు వీధి దాటేదాకా ఆగి, అప్పుడు చక్రం ముందు కూర్చుని టైరుకీ పైన రేకుకీ మధ్య వేళ్లు పెట్టి చూశాడు.

"ఎక్కి కూకో బావా," అన్నాడు నేల వైపే చూస్తూ.

ఎక్కి కూర్చున్నాను. కారు కిందికి దిగింది. ఆ దిగడం నాకు రోజూ తెలిసినదే, కానీ పక్కన ఒక మనిషి వేళ్లు పెట్టి కొలుస్తుంటే ఎంత దిగుతుందో మొదటిసారి తెలిసింది. అద్దంలోంచి ఎదురుగా ఉన్న బోర్డుని చదువుతూ కూర్చున్నాను. ఏం చదివానో గుర్తులేదు.

"వేలు పట్టట్నేదు," అన్నాడు. "దిగు."

దిగాక అడిగాను. "ఆ రోజు రాజాంలో నువ్వు నడిపినప్పుడే తెలిసిందా నీకు?"

"తెలిసింది."

"చెప్పలేదేం?"

"ఎలగ సెప్పమంటావు?" అతని గొంతులో విసుగు కంటే బాధే ఎక్కువుంది. "నువ్వే సెప్తావని సూసాను. అక్క కూడా నన్నడిగింది, బావేటి అలగ ఓ పక్కకి వాలిపోయి నడుపుతన్నారు, నడుం నొప్పేటి అని. నాకేటి తెల్దన్నాను."

అంటే మా ఆవిడ కూడా చూసింది. నేను దాచిపెట్టానని అనుకున్నదంతా వాళ్లు నా చుట్టూ తిరిగి, తగలకుండా తప్పుకుంటూ, నాకోసం దాచారు. నాకు ఆ సిమెంటు నేల మీదే ఎక్కడైనా కూర్చోవాలనిపించింది. కూర్చోవడానికి అక్కడున్నది ప్లాస్టిక్ స్టూలు. దాని మీద కూర్చోలేదు.

అతను లోపలికెళ్లి పద్నాలుగు సైజు రిమ్ములు తెచ్చాడు. మామూలు ఇనుపవి. టైర్లు మొదట చెప్పినవే. నేను వాటి పక్కనున్న ఆ చిన్న అంకె వెతుకుతుంటే చూశాడు.

"అది సూడకు బావా. నాలుగు సక్రాలు కలిసి మోస్తాయి. నీ పాత పదమూడు సైజే నీతోపాటు ఇంకో నలుగుర్ని మోసేది. టైర్ల తప్పు ఎప్పుడూ నేదు. స్ప్రింగులే నీరసపడిపోయాయి. ముందరివి రెండూ మార్సీదాం, బండి లెగుస్తాది."

చక్రాలు మార్చి, స్ప్రింగులు మార్చి, అలైన్‌మెంట్ చూసేసరికి పొద్దు వాలింది. కారు మళ్లీ చిన్నదయింది. నేను ఈసారి వెనక్కి అడుగులు వేసి చూడలేదు. బయలుదేరే ముందు అత్తగారు గుమ్మం దాకా వచ్చి, "జాగర్త బాబూ," అన్నారు. ఇంకేదో అనబోయారు. నేను గబగబా దణ్ణం పెట్టి కారెక్కేశాను. ఆవిడ చెప్పబోయింది క్షమించమనో ఏమో. వినే ధైర్యం నాకు లేదు.

తిరుగు దారిలో నేను నడిపాను. మా ఆవిడ బొబ్బిలి దాటాక అడిగింది. "ఎందుకు మార్చారండీ అసలు?"

వరండాలో విన్నది చెప్పాను. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, మొత్తం చెప్పాను. కారు ఆఫీసు వెనక పెట్టిన సంగతి కూడా.

"ఆ మాటకి సక్రాలు మార్చీసేరేటి?" అంది. కోపం వస్తేనే తనకి ఊరి యాస వస్తుంది. "నాకు సెప్పొచ్చు కదా. నేనేటి పరాయిదాన్నా? రాత్రుళ్లు ఫోను బోర్లా పెట్టీసి పడుకుంటంటే నాను ఏవేవో అనుకున్నాను, తెలుసా?"

ఏమనుకుందో అడగలేదు. కాసేపటికి తను కళ్లు తుడుచుకోవడం కనబడింది. నా ఒళ్లు గురించి నేను పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, తనని అన్ని రాత్రులు అలా వదిలేసినందుకు అప్పుడు పడ్డ సిగ్గు ఒక ఎత్తు. "తప్పయిపోయింది," అన్నాను. చాలాసేపయ్యాక, "పులుసు కట్టించుకొచ్చాను, ఇంటికెళ్లి తిందురుగాని," అంది.

ఇది జరిగి కొన్ని నెలలైంది. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. సాయంత్రాలు ఇద్దరం నడుస్తున్నాం. పెద్ద తేడా ఏమీ రాలేదు. కొత్త చక్రాలు ఏమయ్యాయని ఆఫీసులో అడిగితే మైలేజీ పడిపోయిందని చెప్పాను. నిజం చెప్పి ఉండొచ్చు. నోరు రాలేదు.

మొన్న వానాకాలం మొదట్లో, సాయంత్రం చిలకపాలెం జంక్షన్ దగ్గర జోరువాన. బస్సు కోసం నిలబడ్డ ఒకాయన గోనెసంచీ నెత్తి మీద కప్పుకుని చెయ్యెత్తాడు. యాభై దాటినాయన. నాకంటే లావు.

"రాజాం ఎల్తారేటి బాబూ?"

"ఎక్కండి."

ఆయన ముందు సీటు వైపు చూసి, వెనక తలుపు మీద చెయ్యి వేశాడు. "నాను ఎనకాల కూకుంటాన్లెండి. ముందు కూకుంటే బండి ఒరిగిపోద్ది," అని నవ్వాడు. ఎదుటివాడు నవ్వకముందే తనే నవ్వేయడం. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. నా నోటితో ఎన్నిసార్లు నవ్వానో.

"ముందుకే రండి," అన్నాను. "ఇటు పక్క నేనున్నాను కదా. సమంగా ఉంటుంది."

ఆయన నన్ను పరకాయించి చూసి, ఎక్కి కూర్చున్నాడు. బెల్టు లాగి, అందక, వదిలేయబోయాడు. "ఒక్కసారే లాగకండి, నెమ్మదిగా చివరిదాకా లాగితే వస్తుంది," అని చెప్పాను. వచ్చింది. మోచేతులు రెండూ ఒంటికి అదిమిపెట్టుకుని, తన చోటుని వీలైనంత చిన్నది చేసుకుని కూర్చున్నాడు. ఒక మనిషి అలా కూర్చోవడం పక్కనుంచి ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ చూడలేదు. చూసినందుకు సిగ్గేసి రోడ్డు వైపు తిరిగాను. ఇబ్బంది పడకండి, చేతులు వదులుగా పెట్టుకోండి అని చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆయన వరి ఊడ్పుల సంగతి ఎత్తాడు. ఈ వాన ఇంకో రెండు రోజులు పడితే చాలన్నాడు. మా ఊళ్లోనూ అదే అంటున్నారని నేనన్నాను. వైపర్లు అద్దం మీద నీళ్లు తుడుస్తుంటే, మేమిద్దరం వాన గురించి మాట్లాడుకుంటూ రాజాం చేరాం.